పాఠాలకు రమ్మన్నారు... సీటు లేదన్నారు!

పాఠాలు చెప్పడానికి పనికొచ్చిన ఆడమనిషి, అదే కోర్సు చదవడానికి పనికిరాదట! డాక్టర్ సారా జోసెఫిన్ బేకర్‌కు ఎదురైన విచిత్రమిది.

1873లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిందామె. పదహారేళ్లప్పుడు తండ్రి టైఫాయిడ్‌తో పోయాడు. ఇల్లు నిలబెట్టాలని డాక్టరీ చదివి 1898లో పట్టా అందుకుంది. 1908లో న్యూయార్క్ ఆరోగ్యశాఖలో పిల్లల విభాగానికి అధిపతి అయింది. ఆ వేసవిలో ఓ మురికివాడలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ నర్సుల్ని పంపింది. తల్లిపాలే పట్టండి, రోజూ స్నానం చేయించండి, గాలాడేలా పడుకోబెట్టండి... చెప్పించింది ఇంతే! అక్కడ అంతకుముందు వేసవికన్నా 1200 మరణాలు తగ్గాయి. మందూమాకూ కాదు, చూశారా!

తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య కోర్సులో పిల్లల ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పమని పిలిచింది. చెబుతాను, బదులుగా నన్నూ ఆ డిగ్రీ చదవనివ్వండి అందామె. ఆడవాళ్లకు ప్రవేశం లేదన్నాడు డీన్. అయితే పాఠాలూ లేవంది. ఆమెకు సాటివచ్చే మనిషి కోసం వెతికి వెతికి చివరికి వాళ్లే దిగొచ్చారు. ఆమెతో పాటు మిగతా స్త్రీలకూ తలుపు తెరిచారు. 1917లో ప్రజారోగ్యంలో డాక్టరేట్ చేతికొచ్చింది.

అంతటితో అయిపోలేదండోయ్. మొదటి క్లాసులోనే మగపిల్లలు వెటకారంగా చప్పట్లు చరిచారు. ఆమె నవ్వేసి పాఠం మొదలుపెట్టింది. అలా పదిహేనేళ్లు చెప్పింది.