పావులూరి మల్లన

ఈ పాఠంలో తెలుగులో మొదటి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన గురించి తెలుసుకుందాం. ఢిల్లీలోనో నోయిడాలోనో కంప్యూటరు ప్రోగ్రాములు నేర్చుకొనేవారికి కూడా ఆయన లెక్క ఒకటి నేటికీ పనికివస్తుంది.

మల్లన ఇంటిపేరు కమ్మనాడులోని పావులూరు అనే గ్రామం నుండి వచ్చింది. 11వ శతాబ్దంలో వేంగిని పాలించిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఈ కుటుంబానికి దానం చేశాడు. ఆ కాలంలో గణితం నేర్చుకోవాలంటే సంస్కృతం రావాలి. ఆ చదువు లేనివారికీ లెక్క అందాలని మల్లన తెలుగును ఎంచుకున్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాలుగా మలిచాడు. అదే సారసంగ్రహ గణితం. అందులో జైన ఉదాహరణలను తీసివేసి శైవ ఉదాహరణలను చేర్చాడు.

మల్లన పేరుమీద ప్రసిద్ధమైన లెక్క చదరంగపు గడులది. మొదటి గడిలో ఒక గింజ, తరువాతి ప్రతి గడిలో ముందుదానికి రెట్టింపు. 64 గడులకు మొత్తం ఎన్ని? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఈ 20 అంకెలను చంద్రుడంటే 1, శరాలంటే 5 అనే పద్ధతిలో మాటలుగా కూర్చాడు. ఒక మాట జారితే ఛందస్సు చెడుతుంది కనుక అంకె తప్పిపోదు.

ఈ జవాబును ఎలా సాధించాలి? మూడు గడులకు 1+2+4=7, అంటే 8 కంటే ఒకటి తక్కువ. అలాగే 1ని 64 సార్లు రెట్టించి ఒకటి తీసివేస్తే చాలు. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం ప్రోగ్రాములో లూప్. గుర్తుంచుకోవలసింది తక్కువ.

మహావీరుడు మరో దారి చెప్పాడు. 64కు 32 తెలియాలి, 32కు 16 తెలియాలి. ఇలా సగం చేస్తూ ప్రతి మెట్టుకూ ఒక గుర్తు వేసుకుంటూ 1 దాకా దిగాలి. సంఖ్య బేసి అయితే ఒకటి తగ్గించాలి. తరువాత ఆ గుర్తులను చూస్తూ వెనక్కి రావాలి: 2, 4, 16, 256, 65,536... ఆరు వర్గాలతో పని పూర్తవుతుంది. పెద్ద లెక్కను అదే రకమైన చిన్న లెక్కకు అప్పగించడం రికర్షన్. ఆ గుర్తులు కంప్యూటరులో జ్ఞాపకస్థలాన్ని తీసుకుంటాయి. 1 దగ్గర ఆగమని చెప్పకపోతే దిగుతూనే ఉంటుంది.

ఒకటి గమనించండి. ఇక్కడ పని తగ్గింది సగం చేయడం వల్ల. రికర్షన్‌తోనే ఒక్కొక్క గడి చొప్పున దిగితే 64 మెట్లూ తప్పవు. కాబట్టి ముందు లెక్క స్వభావం చూడాలి. వరుసగా సాగే పనికి లూప్ చాలు. తనలాంటి చిన్న లెక్కలుగా విడిపోయే పనికి రికర్షన్ తేలిక.

మీరే చేసి చూడండి: గడులు 16 మాత్రమే అయితే గింజలెన్ని? రెండు విధాలా చేయండి. 65,535 రావాలి.