కండరశక్తి రహస్యాన్వేషి – ఎ.వి. హిల్

పరుగెత్తే క్రీడాకారుని కాలికి అంతటి శక్తి ఎక్కడ నుండి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే జీవితాన్ని గడిపిన శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్.

హిల్ 1886 సెప్టెంబరు 26న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళగా, తల్లి ఎన్నో కష్టాలకోర్చి ఆయనను విద్యావంతుణ్ణి చేసింది. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించిన హిల్, గురువైన వాల్టర్ ఫ్లెచర్ ప్రోత్సాహంతో శరీరధర్మశాస్త్రం వైపు మళ్ళారు.

కప్ప కండరం ఒక్కసారి సంకోచిస్తే పుట్టే వేడి అత్యల్పం. డిగ్రీలో వెయ్యోవంతులుగా మాత్రమే కనిపించే ఆ మార్పును కొలవడానికి హిల్ సున్నితమైన పరికరాలను ఉపయోగించారు. కండరం సంకోచించడానికి అప్పటికప్పుడు ఆక్సిజన్ అవసరం లేదనీ, తిరిగి శక్తిని కూడగట్టుకొనే దశలోనే అది కావాలనీ నిరూపించారు. ఈ కృషికి జర్మన్ శాస్త్రవేత్త ఆటో మేయర్‌హోఫ్‌తో పాటు ఆయనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

హిల్ స్వయంగా మంచి పరుగుగాడు. మాంచెస్టర్‌లో ఆచార్యునిగా ఉన్న రోజుల్లో తన శరీరాన్నే ప్రయోగశాలగా మార్చుకొన్నారు. వీపున సంచి తగిలించుకొని పరుగెత్తుతూ, విడిచిన గాలిని అందులో సేకరించి పరీక్షించారు. వేగంగా పరుగెత్తేవాడు ఆక్సిజన్‌ను అప్పు చేసి, ఆగిన తరువాత రొప్పుతూ ఆ అప్పు తీరుస్తాడని వివరించారు.

లాక్టిక్ ఆమ్లం ఏర్పడటం వల్లనే కండరం సంకోచిస్తుందని ఆనాడు హిల్, మేయర్‌హోఫ్ విశ్వసించారు. కాని ఆ ఆమ్లం పుట్టకుండానే కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించాడు. అంతటి కీర్తి పొందిన వ్యక్తికి తన భావన కూలిపోవడం చిన్న దెబ్బ కాదు. అయినా హిల్ అభిమానానికి లోబడలేదు. ఈ మార్పును కండరశాస్త్రంలో ఒక విప్లవంగా గుర్తించి, 1932లో వ్యాసం రాసి మరీ స్వాగతించారు.

ఓటమిని అంగీకరించినవాడు అక్కడే ఆగిపోలేదు. బరువు పెరిగేకొద్దీ కండరం సంకోచించే వేగం ఎలా తగ్గుతుందో 1938లో ఒక సమీకరణంలో చూపారు. కండరంలో సంకోచించే భాగానికి తోడు స్ప్రింగు వంటి సాగే భాగం కూడా ఉంటుందని వివరించారు. పరుగులో పాదం నేలను తాకినప్పుడు పిక్క కండరాన్ని మడమ ఎముకతో కలిపే స్నాయుబంధనం సాగి, మళ్ళీ ముడుచుకొని చీలమండకు ఊపునిస్తుంది. ఈ చర్యను పరిశీలించే క్రీడాశాస్త్రజ్ఞులకు హిల్ నమూనా నేటికీ ఆధారమే.

ఆయన కృషి ప్రయోగశాలకే పరిమితం కాలేదు. జర్మనీలో నాజీ పాలకులు కొలువుల నుండి తొలగించిన పండితులను ఆదుకోవడానికి 1933లో బ్రిటన్‌లో ఏర్పడిన సంఘంలో ప్రముఖపాత్ర వహించారు. అలా ఆశ్రయం కోరి వచ్చి, 1935లో ఆయన ప్రయోగశాలలో చేరిన బెర్నార్డ్ కాట్జ్ 1970లో నోబెల్ బహుమతి పొందారు. హిల్ 1943–44లో మన దేశాన్ని సందర్శించి, ఇక్కడి శాస్త్రపరిశోధనల అభివృద్ధికి సూచనలతో నివేదిక సమర్పించారు.

హిల్ 1977 జూన్ 3న కేంబ్రిడ్జిలో కన్నుమూశారు. కీర్తి కన్న సత్యమే గొప్పదని ఆచరించి చూపిన ఆయన జీవితం విద్యార్థిలోకానికి ఆదర్శప్రాయం.