అద్దె వసూలుకు వెళ్ళిన ఆక్టేవియా హిల్



మీలో చాలామంది దగ్గర నేషనల్ ట్రస్ట్ కార్డు ఉంటుంది. పిల్లల సెలవుల్లో పులిహోర డబ్బాలు సర్దుకుని పాత భవంతులకీ తోటలకీ వెళ్తాం, పార్కింగ్ డబ్బులు మిగిలాయని సంతోషిస్తాం. 1895లో ఆ సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఒకామె ఆక్టేవియా హిల్. కానీ నేను ఆమె గురించి రాస్తున్నది తోటల కోసం కాదు. దాదాపు యాభై ఏళ్ళు ఆమె లండన్ పేదల ఇళ్ళు చూసుకుంది, వారం వారం తలుపు తట్టి అద్దె వసూలు చేసింది.

ఎందుకు రాయాలనిపించిందో కూడా చెప్పేస్తాను. మాస్టర్స్ కోసం ఈ దేశం వచ్చినప్పుడు మూడు బెడ్‌రూముల ఇంట్లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. గోడలు నల్లగా బూజు పట్టి ఉండేవి. ఓనరు తెలుగాయనే. ఎప్పుడు ఫోన్ చేసినా కిటికీలు తెరిచి పెట్టుకోమనేవాడు. ఇప్పుడు నేనే ఓనర్ని. ఇల్లు మారినప్పుడు పాత ఫ్లాటును అద్దెకిచ్చాం. పోయిన చలికాలం ఒక శుక్రవారం, బాయిలర్ ఆగిపోయిందని అందులో ఉన్నవాళ్ళు మెసేజ్ పెట్టారు. చదివాను. ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దాంలే అని పక్కన పెట్టేశాను. వాళ్ళింట్లో చంటిపిల్ల ఉంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఈమె జీవితం చదవడం తటస్థించింది.

ఆక్టేవియా 1838 డిసెంబరు 3న ఇంగ్లాండులోని విస్‌బెచ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యం వ్యాపారి. ఆమె పసిపిల్లగా ఉండగానే, 1840లో, ఆయన దివాలా తీశాడు. మనసు కూడా చెదిరి కుటుంబాన్ని చూసుకోలేని స్థితికి వచ్చాడు. తల్లి కరొలిన్, ఆమె తండ్రి డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్ కలిసి పిల్లల్ని పెంచారు. ఆ తాతగారు మురికివాడల జ్వరాల మీద పనిచేసిన వైద్యుడు. కాబట్టి పేదల ఇళ్ళ సంగతులు ఆమె చిన్నప్పుడే వినే ఉంటుంది.

పద్నాలుగేళ్ళ ప్రాయానికే ఆమెకు ఉద్యోగ బాధ్యత వచ్చింది. లండన్‌లో తల్లి నడిపే సహకార సంఘంలో పేదపిల్లలు బొమ్మ సామాన్లు తయారుచేసేవారు, వాళ్ళ పని ఆక్టేవియా చూసేది. పిల్లలు ఎక్కడుంటారో చూద్దామని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. ఒక్క గదిలో కుటుంబమంతా బతకడం దగ్గరగా చూసింది అక్కడే. ఆ రోజుల్లోనే ఎఫ్. డి. మారిస్ అనే దైవసేవకుని బోధ ఆమె విశ్వాసాన్ని గట్టిపరిచింది. రచయిత జాన్ రస్కిన్ కూడా అప్పుడే పరిచయమయ్యాడు. ఆయన దగ్గర చిత్రాలకు నకళ్ళు గీసే పని చేసింది.

1864లో రస్కిన్ తండ్రి చనిపోయి పెద్ద ఆస్తి ఆయన చేతికొచ్చింది. పేదల ఇళ్ళు బాగుచేయాలన్న తన తపన ఆక్టేవియా ఆయనకు చెప్పింది. 1865లో ఆయన మేరిల్‌బోన్‌లోని పారడైజ్ ప్లేస్‌లో మూడు ఇళ్ళ లీజు 750 పౌన్లకు కొని ఆమెకు అప్పగించాడు. పేరుకే అది పరదైసు. మెట్ల పక్క కటకటాల్ని అద్దెకున్నవాళ్ళే పొయ్యిలోకి విరిచేసుకున్నారు. గోడల సున్నం పెచ్చులుగా రాలిపోతోంది. వాన నీళ్ళు పట్టడానికి మెట్ల మీద బకెట్టు పెట్టుకున్నారు. 192 కిటికీ అద్దాల్లో పగలకుండా మిగిలినవి 8.

ఇక్కడ కొంచెం ఆగి ఆమె లెక్క చూడండి, ఎందుకంటే మనలో లెక్కలు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నాం. పెట్టిన సొమ్ము మీద యజమానికి ఏడాదికి ఐదు శాతం రావాలి. అది రస్కిన్ ఆలోచన. లాభం వస్తుందని తేలితేనే మిగతావాళ్ళు కూడా ఇలా చేయడానికి ముందుకొస్తారని. ఆ ఐదుకు మించి ఆయన ఆశించలేదు. మిగిలేది ఇంటి మీదే ఖర్చు. ప్రతి ఇంటికీ ఏటా మరమ్మతుల కోసం కొంత సొమ్ము కేటాయించేది. విరగ్గొట్టినవి బాగుచేయగా అందులో ఏమైనా మిగిలితే, ఏం చేయించాలో అద్దెకున్నవాళ్ళే కోరుకోవచ్చు. దాంతో అద్దాలు పగలడం తగ్గిపోయింది! ఒక గదిలో ఇరుక్కున్న కుటుంబానికి, అదే అద్దెకు కాస్త మాత్రమే కలిపి రెండు గదులు ఇచ్చింది. పనులు దొరకని రోజుల్లో చిన్న చిన్న రిపేర్లు ఆ ఇంటి మగవాళ్ళ చేతే చేయించి కూలి ఇచ్చేది. మెట్లు కడిగే పని పెద్దపిల్లలకిచ్చి డబ్బులిచ్చేది.

అద్దె మాత్రం వారానికి వారం కట్టి తీరాలి. కట్టకపోతే ఖాళీ చేయించేది. ఈ విషయంలో ఆమె మెత్తని మనిషి కాదు, ఊరికే డబ్బు పంచడం ఆమెకు గిట్టేది కాదు. అయితే తాను కట్టవలసింది కూడా ఆమె మరచిపోలేదు. అద్దె పుస్తకం పట్టుకుని వచ్చిన మనిషి కారుతున్న కప్పునూ దగ్గుతున్న బిడ్డనూ చూడకుండా వెనక్కి పోలేదు. వసూలుకు వెళ్ళడానికి ఆమె స్త్రీలను ఎన్నుకుని శిక్షణ ఇచ్చింది. మనమైతే అద్దె బ్యాంకులో పడగానే ఆ ఇంటి సంగతి మరచిపోతాం. మధ్యలో ఒక ఏజెంటు ఉంటే ఇంకా హాయి.

1874 నాటికి ఆమె చూసుకునే చోట్లు 15, వాటిలో ఉండేవాళ్ళు సుమారు 3,000 మంది. ఈ భారానికి 1877లో ఆరోగ్యం కుప్పకూలింది. అదే కాలంలో రస్కిన్‌తో తగవు కూడా వచ్చి, ఆయన ఆమెను అచ్చులోనే తూలనాడాడు. కొన్నాళ్ళు విదేశాల్లో తిరిగి, కోలుకుని మళ్ళీ పనిలోకి వచ్చింది.

సంఘస్థులుగా మనం చదవాల్సిన భాగం 1884లో వస్తుంది. లండన్‌లోని సదర్క్‌లో పాడుబడ్డ ఇళ్ళు చాలా వాటికి యజమాని ఎవరో తెలుసా? ఇంగ్లాండు సంఘమే. సంఘ ఆస్తులు చూసే ఎక్లెసియాస్టికల్ కమిషనర్లు ఆ ఏడాది కొన్నింటిని ఆమె చేతికి అప్పగించారు. ప్రార్థనలు చేసే నోటితోనే ఆ అద్దె కూడా తిన్నారన్నమాట. ఆమె వాళ్ళను తిట్టలేదు. ఇళ్ళు బాగుచేయించింది, కొత్తవి కట్టించింది. కాగితపు మిల్లు కాలిపోయి ఖాళీగా పడివున్న స్థలంలో 1887లో రెడ్ క్రాస్ గార్డెన్ వేయించి, దాని పక్కన చిన్న ఇళ్ళు కట్టించింది. ఒంటరి గదిలో ఉండేవాడికి కూడా చెట్టూ ఆకాశమూ కావాలని ఆమె నమ్మకం. నేషనల్ ట్రస్ట్ పుట్టింది కూడా ఆ ఆలోచన నుంచే.

ఆమెను దేవదూతను చేయడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వమో కౌన్సిలో ఇళ్ళు కట్టి అద్దెకివ్వడాన్ని ఆమె వ్యతిరేకించింది. స్త్రీలకు ఓటు హక్కు కూడా వద్దంది. నా మట్టుకు నాకు మొదటిది పెద్ద పొరపాటనే అనిపిస్తుంది. ఒక్కొక్క ఇంటినీ వెళ్ళి చూసుకునే పద్ధతి మూడు వేలమందికి సరిపోవచ్చు, లండనంతటికీ ఎలా సరిపోతుంది? ఆమె పోయాక లక్షల మందికి నీడనిచ్చినవి కౌన్సిల్ ఇళ్ళే. అయినా ఇల్లు కట్టడం ఒక పని, కట్టాక అందులో ఉన్నవాళ్ళను మనుషులుగా చూడడం ఇంకో పని. రెండోదాంట్లో ఆమెకు సాటి వచ్చినవాళ్ళు తక్కువ. ఆమె పద్ధతి నేర్చుకోవడానికి హాలెండు నుంచి వచ్చారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1896లో ఆమె పేరు మీదే ఒక సంస్థ పెట్టారు.

1912 ఆగస్టు 13న మేరిల్‌బోన్‌లో ఆక్టేవియా హిల్ ప్రభువునందు నిద్రించింది. కెంట్‌లోని క్రాకమ్ హిల్ అనే పల్లెలో, అక్క మిరాండా పక్కన ఆమెను సమాధి చేశారు.

మన ప్రార్థన కూడికల్లో సొంత ఇంటి కోసం ప్రార్థన కోరినవాళ్ళు ఎందరో. ఆ తర్వాత రెండో ఇల్లు కొన్నామని సాక్ష్యం చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రెండో ఇంట్లో ఉంటున్నవాళ్ళ కోసం ఎవరైనా ప్రార్థన కోరగా నేను వినలేదు. మా ఫ్లాట్‌లో బాయిలర్ సోమవారం బాగైంది. చలిలో మూడు రాత్రులు గడిపిన ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. నెలాఖరుకు అద్దె మాత్రం సరిగ్గా పడింది.

పారడైజ్ ప్లేస్ పేరు ఇప్పుడు గార్బట్ ప్లేస్. అక్కడ గోడకు ఆమె పేరుతో నీలం ఫలకం ఉంది. రెడ్ క్రాస్ గార్డెన్‌కు బరో స్టేషన్లో దిగి నడిచి వెళ్ళవచ్చు. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు. పక్కనున్న ఆ చిన్న ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు.