మీర్ ఉస్మాన్ అలీ ఖాన్

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (1886 ఏప్రిల్ 6 - 1967 ఫిబ్రవరి 24) హైదరాబాదు సంస్థానపు ఏడవ, చివరి నిజాము. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ మరణానంతరం 1911లో సింహాసనమెక్కాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈయన కాలంలోనే వెలసింది.

ఈయన పాలనలో ఏర్పడి, నేడు అంతగా ఎవరికీ గుర్తులేని సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్. నిజాము రైల్వే, టాటాలు కలసి 1945లో బేగంపేట కేంద్రంగా దీనిని స్థాపించారు. అధిక వాటా రైల్వేదే. అప్పటికే బస్సులు కూడా నడుపుతున్న రైల్వే అది! ఇతర సంస్థలు నిరాకరించిన ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చినది దక్కన్ ఎయిర్‌వేసే.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైనది. ఐదేళ్ళకు విమానసంస్థ వంతు వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం దక్కన్‌తో సహా ఎనిమిది సంస్థలను కలిపి 1953 ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచారు. అప్పటికి నిజాము కేవలం రాజప్రముఖ్. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవి కూడా రద్దయినది.