పదిమందికి కారు చేసిన కరివర్ధన్



ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. గాంధీ తాతను, అల్లూరి సీతారామరాజు గారిని మిగతావాళ్లు ముందే తీసేసుకున్నారు. నేను కార్ల పందేల కరివర్ధన్ గారి గురించి రాస్తున్నాను. ఆగస్టు 24 ఆయన వర్ధంతి.

ఆయన పూర్తి పేరు సుందరం కరివర్ధన్. 1954లో పుట్టినారు. వాళ్ల ఊరు తమిళనాడులోని కోయంబత్తూరు. అక్కడ తరతరాలుగా ఉంటున్న తెలుగు నాయుళ్ల కుటుంబం వాళ్లది. 1910లో పెట్టిన లక్ష్మీ మిల్సు వాళ్లదే. మన ఆదోని పక్క పత్తి పండుతుంది కదా, అట్లాంటి పత్తి నుంచి నూలు తీసే పెద్ద మిల్లు అది. కానీ ఆయనకు ఇంజన్లంటే ప్రాణం.

ఆ రోజుల్లో మద్రాసు దగ్గర షోలవరంలో పందేలు జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో విమానాలు దిగడానికి వేసిన దారి అది. యుద్ధం అయిపోయినాక దాని మీద కార్లు, మోటారు సైకిళ్లు పరుగెత్తించినారు. కరివర్ధన్ గారు కూడా అక్కడ కారు తోలి గెలిచినారు.

పందెం కారు మామూలు కారు మాదిరి ఉండదు. ఒక్కరే కూర్చోవాలి. తలుపులు ఉండవు, పైకప్పు ఉండదు. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. నేలకు అంటుకున్నట్టు కిందికి ఉంటుంది, అందుకే మలుపులో తొందరగా బోల్తా పడదు. అట్లాంటి కారు విదేశాల నుంచి తెప్పించాలంటే చాలా డబ్బు కావాలి. డబ్బున్న కొందరే తోలేవాళ్లు, మిగతావాళ్లు నిలబడి చూసేవాళ్లు.

1983లో మన దేశంలో మారుతి 800 కారు వచ్చింది. కరివర్ధన్ గారు ఆ చిన్న ఇంజనునే పెట్టి 1988లో ఒక్క సీటు పందెం కారు తయారు చేయించినారు. దాని సామాన్లు మన దేశంలోనే దొరుకుతాయి, ఖర్చు తక్కువ. పైగా అందరికీ ఒకటే ఇంజను. కాబట్టి పందెంలో ఎవరి డబ్బు ఎక్కువ అన్నది కాదు, ఎవరి చెయ్యి మంచిది అన్నది తెలిసిపోతుంది.

నా పక్క మంచం స్నేహితురాలు ఇది చదివి, మిల్లు యజమాని కొడుకు ఆట మనకెందుకు అని అడిగింది. నేను రెండు రోజులు ఆలోచించినాను. ఆయనకు డబ్బుంది, నిజమే. తానొక్కడే మంచి కారు కొనుక్కొని గెలుస్తూ ఉండొచ్చు. అట్ల చేయకుండా, రేపు తనను ఓడించగల పిల్లలకు కూడా కారు అందేటట్టు చేసినారు. అందుకే ఆయన గొప్పవారు అనుకుంటున్నాను.

1995 ఆగస్టు 24న చిన్న విమానం కూలి ఆయన చనిపోయినారు. అప్పటికి 41 ఏళ్లే.

ఫార్ములా వన్ అనే ప్రపంచ పందేలు 1950 మే 13న ఇంగ్లండులో మొదలైనాయి. 55 ఏళ్ల దాకా వాటిలో మన దేశం వాళ్లు ఒక్కరూ లేరు. 2005 మార్చి 6న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో నరైన్ కార్తికేయన్ మొదటిసారి దిగినాడు. ఆయనదీ కోయంబత్తూరే. పందేలు మొదలుపెట్టింది మారుతి ఇంజను పెట్టిన ఆ చిన్న కారుతోనే. ఆ రోజు చూడడానికి కరివర్ధన్ గారు లేరు. అప్పటికే పదేళ్లు కావస్తోంది. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో పందేల దారికి మాత్రం ఆయన పేరే పెట్టినారు.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. ఈ బడి ఎవరు కట్టినారో నాకు తెలీదు, వాళ్లకు నేను తెలీదు. కరివర్ధన్ గారి గురించి చదివినప్పుడు నాకు వాళ్లు గుర్తొచ్చినారు.

ఒక మాట. పందెం అనేది హెల్మెట్ పెట్టుకొని పందెం దారిలోనే తోలాలి, మన ఘాట్ రోడ్డు మీద కాదు.

తప్పులుంటే క్షమించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని