పోస్ట్‌మ్యాన్ బాణీకి జాతీయ గీతం

గిట్‌హబ్‌లో ఎవరిదో కోడ్ తెచ్చి, నాలుగు మార్పులు చేసి, ప్రాజెక్టు పేరుతో రెజ్యూమెలో పెట్టారా? పెట్టాక ఇది నిజంగా నాదేనా అని లోపల ఎక్కడో గుచ్చుకుందా? ఫైనలియర్ వైవా ముందు రాత్రి నాకైతే అదే గుబులు. అప్పుడే తెలిసుంటే బాగుండేది అనిపించే కథ ఒకటుంది. రవీంద్రనాథ్ ఠాగూర్‌ది.

గడ్డం, గీతాంజలి, 1913లో నోబెల్... ఇవన్నీ మనం స్కూల్లో బట్టీ పట్టినవే. కానీ ఆయన ముందుగా పాటలు కట్టే మనిషి. 2,000కు పైగా కట్టారు. అందులో 200కు పైగా పాటల బాణీలు వేరేచోటి నుంచి తెచ్చుకున్నవి. ఈ లెక్క తీసింది ఆయనంటే గిట్టనివాళ్లు కాదు, సొంత అన్న సత్యేంద్రనాథ్ కూతురు ఇందిరాదేవి. ఇలాంటి పాటల్ని బెంగాలీలో భాంగా గాన్ అంటారు. అంటే విరిచి కట్టిన పాటలన్నమాట.

ఠాగూర్ 1861లో కోల్‌కతా జొరసాంకోలోని పెద్ద ఇంట్లో పుట్టారు. పొద్దున లేస్తే అక్కడ సంగీతమే. బ్రహ్మసమాజ గాయకుడు విష్ణు చక్రవర్తి తొలి పాఠాలు చెప్పారు, అవీ పల్లెపదాలతో. తర్వాత ధ్రుపద్ విద్వాంసుడు జదు భట్ట వచ్చారు. కూర్చోబెట్టి నేర్పితే నేర్చుకునే రకం కాదు ఈ కుర్రాడు. ఎన్ని స్కూళ్లు మార్చినా నిలవలేదు, జదు భట్ట దగ్గరా అంతే. చాటుగా విని పట్టుకున్నదే ఎక్కువ. అయినా స్థాయి, అంతర, సంచారి, ఆభోగ్ అనే ధ్రుపద్ నాలుగు భాగాల కట్టడం బుర్రలో నాటుకుపోయింది. మనకు పల్లవి, అనుపల్లవి, చరణం ఎలాగో అలాగ. తర్వాత కట్టిన చాలా పాటలకు అదే ఆర్కిటెక్చర్.

ఇంకో అన్న జ్యోతిరింద్రనాథ్ పియానో ముందు కూర్చుని బాణీలు అల్లుతుంటే, పక్కన రవీంద్రుడూ, కుటుంబ మిత్రుడు అక్షయ్ చౌధురీ అప్పటికప్పుడు మాటలు పొదిగేవారు. మన సినిమావాళ్ల మ్యూజిక్ సిట్టింగ్ గుర్తొస్తోంది కదా!

1878లో, 17 ఏళ్లప్పుడు, చదువుకని ఇంగ్లండ్ పంపారు. 1880లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చారు. మన భాషలో డ్రాపవుట్. తెచ్చుకున్నది మాత్రం స్కాటిష్, ఐరిష్ పాటల బాణీలు. మరుసటి ఏడాదే వాల్మీకి ప్రతిభ అనే సంగీత నాటకం రాసి, దేశీ రాగాల పక్కనే ఐరిష్ బాణీలు పెట్టి, వాల్మీకి వేషం తానే కట్టారు. ఇంగ్లిష్‌వాళ్లు కొత్త సంవత్సరం రాత్రి పాడుకునే ఆల్డ్ లాంగ్ సైన్ బాణీకీ బెంగాలీ మాటలు రాశారు. నన్నడిగితే ఈ దశ ట్యుటోరియల్ దశే. బాణీ వాళ్లది, మాటలు ఈయనవి. సరదాగా ఉంటుంది, అంతే.

అసలు మలుపు నది మీద వచ్చింది. 1890ల్లో తండ్రి కుటుంబ జమీందారీ పనులు అప్పజెప్పడంతో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న షిలాయిదహకు వెళ్లారు. పద్మా నది మీద పడవే ఇల్లు, ఆఫీసు. శిస్తు లెక్కలు, రైతుల మొరలు, వాటి మధ్యలో బావుల్ గాయకులు. కులం, గుడి, మసీదు అన్నీ పక్కనపెట్టి ఏక్‌తారా మీటుకుంటూ తిరిగేవాళ్లు. మన ఊళ్లలో తత్త్వాలు పాడేవాళ్లను తలుచుకోండి. అక్కడే ఉత్తరాలు పంచే గగన్ హర్కరా పరిచయమయ్యాడు. హర్కరా అంటేనే ఉత్తరాలు మోసేవాడు. తన గుండెలోని మనిషిని ఎక్కడ వెతుక్కోవాలా అని గగన్ పాడుకునే పాట ఒకటుంది. ఆ బాణీ రవీంద్రుడిని వదల్లేదు.

1905లో కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. జనం వీధుల్లోకి వచ్చారు. వాళ్లు పాడటానికి పాట కావాలి. ధ్రుపద్ అయితే ఎవరి నోటికొస్తుంది? పడవవాడూ, రైతూ, కాలేజీ కుర్రాడూ కలిసి పాడగలిగే బాణీ కావాలి. గగన్ బాణీ తీసుకుని ఆమార్ సోనార్ బంగ్లా కట్టారు. తర్వాత స్వతంత్ర బంగ్లాదేశ్ దాన్నే జాతీయ గీతం చేసుకుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. తీసుకుని ఊరుకోలేదు. గగన్ పాటను ప్రవాసీ పత్రికలో అచ్చు వేయించారు. 1930లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చినప్పుడూ బావుల్‌ల గురించి మాట్లాడారు. ఇంకోటి, అప్పటినుంచి ఎవరి బాణీ తీసుకోని పాటల్లో కూడా బావుల్ విరుపు వినిపిస్తుంది. అరువు కాస్తా వంటబట్టింది.

మన వైపు గాలి కూడా ఆయనకు సోకింది. పిఠాపురం వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ఆయన పిలుపు మీద శాంతినికేతన్ వెళ్లారు. దక్షిణాది నుంచి చదువుకోవడానికి వచ్చిన సావిత్రి అనే అమ్మాయి పాడిన దీక్షితర్ కృతి మీనాక్షి మే ముదం విని, ఆ బాణీలో బెంగాలీ పాట కట్టారు. జనగణమనను ఇంగ్లిష్ చేసింది 1919లో మన మదనపల్లె కాలేజీలోనే. బాణీకి స్వరాలు రాసిపెట్టింది అక్కడి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్.

ఇంతమంది దగ్గర ఇన్ని తీసుకున్న మనిషి, తన బాణీల్ని ఎవరైనా మారిస్తే మాత్రం ఒప్పుకోలేదు. గాయకుడికి కాస్త స్వేచ్ఛ ఇవ్వాలని దిలీప్ కుమార్ రాయ్ ఎంత వాదించినా వినలేదు. నాకిది మింగుడుపడదు. ఒక కారణం ఊహించగలను. కొత్త బాణీ కట్టిన కాసేపటికే తనే మర్చిపోయేవారట, అందుకే వెంటనే దినేంద్రనాథ్‌ను పిలిచి నేర్పేసేవారు. ఆయన స్వరాలు రాసుకునేవారు. బ్యాకప్ అదొక్కటే అయినప్పుడు, ఒక్క స్వరం మారినా భయం వేయదూ?

1941లో ఆయన పోయాక ఆ భయం రూలైపోయింది. 1991తో తీరాల్సిన కాపీరైట్‌ను చట్టం మార్చి మరో పదేళ్లు పొడిగించారు. అంటే 2001 చివరిదాకా విశ్వభారతి మ్యూజిక్ బోర్డు సరేనంటేనే రికార్డు బయటికి. ఇప్పుడు ఆ గేటు లేదు, గిటార్లతో పాడేవాళ్లూ ఉన్నారు.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు గగన్ పాట వినండి, వెంటనే ఆమార్ సోనార్ బంగ్లా వినండి. ఎక్కడ విరిచారో, ఎక్కడ అతికారో మీ చెవికే దొరుకుతుంది.