భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో ఏటా ఆషాఢమాసంలో సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనాలు సమర్పిస్తారు. డప్పు మోగనిదే జాతర సాగదు. కాని శతాబ్దం క్రితం తెలుగునేలపై ఆ డప్పు వాయించే వారితోపాటు, అంటరానివారని ముద్రపడిన కులాలన్నింటికీ అనేక ఆలయాలలో ప్రవేశం లేదు. ఊరిబావిలో చేద వేసే హక్కు లేదు. ఈ అన్యాయంపై జీవితాంతం పోరాడిన మహనీయుడు భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబంలో జన్మించారు. తొలి పేరు మాదరి భాగయ్య. బాల్యంలోనే ఇల్లు విడిచి సికింద్రాబాదులో ఒక క్రైస్తవ న్యాయవాది ఇంట పనికి కుదిరారు. అక్కడే చదువుపై మక్కువ పెంచుకున్నారు. ఈ దేశపు తొలి పాలకులు తమవారేనన్న విశ్వాసంతో, రేడు అనే మాటకు సంబంధించినదిగా భావించి, పేరులో ‘రెడ్డి’ని చేర్చుకున్నారు. ‘వర్మ’ అనేది తరువాత ఆర్యసమాజంవారు ఇచ్చిన బిరుదు.

పుట్టుకను బట్టి మనుషులను వెలివేయడం ఒక్క దేశానికే పరిమితమైన దురాచారం కాదు. ఐరోపాలో 1348లో ప్లేగు ప్రబలినప్పుడు, యూదులు బావులలో విషం కలిపారన్న నింద పుట్టించి వేలమందిని బలిగొన్నారు. 1516లో వెనిస్ నగరం వారిని గెట్టో అనే వాడకు పరిమితం చేసింది. అక్కడ విషమన్నారు, ఇక్కడ మైల అన్నారు. రెండుచోట్లా భయం నీటిచుట్టూనే అల్లుకున్నది. అయితే ఒక భేదం ఉన్నది. స్పెయిన్ 1492లో యూదులను దేశం నుండి వెళ్ళగొట్టింది. ఇక్కడి గ్రామం అంటరానివారిని వెళ్ళగొట్టలేదు. వారి వెట్టిచాకిరీ దానికి అవసరం. అందుకే పొలిమేరలో ఉంచింది.

ఈ అవమానానికి మూలం నీచమైన పుట్టుక అన్న కట్టుకథలో ఉన్నదని భాగ్యరెడ్డి వర్మ గ్రహించారు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, చదువురాని ప్రజలకు హరికథల ద్వారా, భజనల ద్వారా వారి చరిత్రను వినిపించారు. 1910 నుండి పాఠశాలలు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో దళిత బాలబాలికలకు తెలుగులో బోధించడం సామాన్యమైన సాహసం కాదు. క్రమంగా ఆ పాఠశాలల సంఖ్య 26కు చేరింది. జోగిని ఆచారాన్ని, బాల్యవివాహాలను, మద్యపానాన్ని, జాతరలలో జంతుబలులను ఆయన తీవ్రంగా ఖండించారు. పీడించేవారి దోషాన్ని పీడితుల అలవాట్లపైకి నెట్టడం కాదా ఇది అన్న సందేహం కలుగవచ్చు. కాని ఆయన సంస్కరణను ఇంటిలోనే ఆపలేదు. హక్కుల కోసం ప్రభుత్వాన్ని కూడా నిలదీశారు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. దళితులు అమ్మవారి కొండ ఎక్కుతారేమోనన్న భయంతో ఆ రోజులలో కనకదుర్గ ఆలయం మూసివేశారని ప్రతీతి. నాలుగు వర్ణాలకు వెలుపలివారని సూచించే ‘పంచమ’ అనే మాటను ఆయన ఆ సభలో తిరస్కరించారు. తమవారు ఈ నేలకు ఆదివాసులని వాదించారు. సభ ‘ఆది ఆంధ్ర’ అనే పేరును స్వీకరించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఆమోదించింది. నిజాం రాజ్యంలో 1931 జనగణన నాటికి ‘ఆది హిందువు’ అన్న నమోదు సాధ్యమైంది. ఆదివాసుల వాదాన్ని చరిత్రకారులు ఎంతగానైనా చర్చించవచ్చు. సర్కారు కాగితంపై తిట్టుకు బదులు తాము ఎంచుకున్న పేరు కనిపించడం ఆ ప్రజలకు చిన్న విషయం కాదు.

ఆయన ‘భాగ్యనగర్’ పత్రికను నడిపారు. ‘వెట్టిమాదిగ’ అనే రచన చేశారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణం అమలులోనికి రావడానికి అప్పటికింకా పదకొండేళ్ళు ఉన్నవి.